సభ్యత్వం కట్టిన రచయిత

సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభకు మొదటిసారి బయల్దేరే రచయితలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: అక్కడ నా పుస్తకాలు ఎన్ని అమ్ముడవుతాయి? ఆ ప్రశ్నను ఇంట్లో వదిలేసి వెళ్లమని చెప్పడానికే ఈ అధ్యాయం రాస్తున్నాను. శుక్రవారం మధ్యాహ్నం మొదలై ఆదివారం సాయంత్రానికి ముగిసే ఈ సభలో, అమ్ముకోవడానికి తిరిగిన రచయితకు దక్కేది స్వల్పం. చదివే మనిషిగా తిరిగిన రచయితకు ఏళ్ల తరబడి నిలిచే స్నేహాలు, తన కథల్ని ఓపిగ్గా చదివే కళ్లు దొరుకుతాయి. ఇది నా నమ్మకం మాత్రమే కాదు. ఈ సభలు పుట్టిన తీరు, నడిచే తీరు చూస్తే మీకే తెలుస్తుంది.

బోస్టన్‌లో ఏటా ఫిబ్రవరిలో జరిగే బాస్కోన్‌నే తీసుకోండి. దాన్ని నడిపేది 1967లో పుట్టిన న్యూ ఇంగ్లండ్ సైన్స్ ఫిక్షన్ అసోసియేషన్ అనే అభిమానుల సంఘం. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చునేవాళ్లు, మైకులు సర్దేవాళ్లు, బొమ్మల ప్రదర్శనకు బోర్డులు మోసేవాళ్లు, చివరికి సభ బాధ్యత మొత్తం మోసే చైర్ కూడా జీతం లేని మనుషులే. మన ఊళ్లో శ్రీరామనవమి పందిరి ఎలా లేస్తుందో ఇదీ అలాగే లేస్తుంది: చందా ఇచ్చినవాడే గుంజ పట్టుకుంటాడు, పానకం కలుపుతాడు. వరల్డ్‌కాన్‌లో, అంటే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభలో, ఈ పద్ధతి మరీ గట్టిది. గౌరవ అతిథుల్ని మినహాయిస్తే, వేదిక మీద మాట్లాడే రచయితలు కూడా సొంత డబ్బుతో సభ్యత్వం కట్టాల్సిందే. అవార్డులు గెలిచినవాళ్లకూ మినహాయింపు లేదు. సభ అయ్యాక డబ్బు మిగిలితే అది తిరిగి వాళ్ల చేతికి రావడం ఉంది, అంతే. 1953లో మొదలైన హ్యూగో అవార్డుల్ని నిర్ణయించేది కూడా ఏ జ్యూరీ కాదు, ఈ సభ్యుల ఓట్లే. కాబట్టి ఆ హాల్లో మీ పక్కన నిలబడ్డ మనిషి మీకు గిరాకీ కాదు. మీలాగే చందా కట్టిన తోటి సభ్యుడు.

ఈ సమానత్వం ఎక్కణ్ణుంచి వచ్చింది? పాఠకుల ఉత్తరాల నుంచి. 1926లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ న్యూయార్క్‌లో అమేజింగ్ స్టోరీస్ పత్రిక పెట్టాడు. పాఠకుల లేఖల కింద రాసినవాళ్ల పూర్తి చిరునామా అచ్చువేసేవాడు. ఊరికి ఒక్కడుగా, ఇంట్లోవాళ్లకు అర్థంకాని పిచ్చితో బతుకుతున్న కుర్రాళ్లు ఆ చిరునామాలు చూసి ఒకరికొకరు రాసుకోవడం మొదలుపెట్టారు. ఉత్తరాలు క్లబ్బులయ్యాయి, క్లబ్బులు చేత్తో తిప్పి తీసిన చిన్న పత్రికలయ్యాయి, పత్రికలు సభలయ్యాయి. 1937 జనవరిలో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జరిగిన సభకు వచ్చిన కొద్దిమందిలో పందొమ్మిదేళ్ల ఆర్థర్ సి. క్లార్క్ ఒకడు. 1939 జులైలో న్యూయార్క్‌లో మొదటి వరల్డ్‌కాన్ జరిగితే సుమారు 200 మంది వచ్చారు. లాస్ ఏంజెలెస్ నుంచి అంత దూరం బస్సులో వెళ్లడానికి పద్దెనిమిదేళ్ల రే బ్రాడ్‌బరీ దగ్గర డబ్బు లేదు. తోటి అభిమాని ఫారెస్ట్ ఎకర్‌మన్ అప్పిచ్చాడు.

ఆ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి వేరే ఉంది. బ్రాడ్‌బరీ తన స్నేహితుడు హానెస్ బాక్ గీసిన బొమ్మల్ని చంకలో పెట్టుకుని వెళ్లాడు. న్యూయార్క్‌లో సంపాదకులకు చూపించాడు. వియర్డ్ టేల్స్ పత్రిక సంపాదకుడు ఫార్న్స్‌వర్త్ రైట్‌కు అవి నచ్చాయి, అదే ఏడాది డిసెంబరు సంచికకు ముఖచిత్రం బాక్‌దే. పేరులేని ఒక కుర్రాడు, జీవితంలో మొదటి పెద్ద సభకు వెళుతూ ఇంకొకరి పనిని మోసుకెళ్లాడు. వారాంతం ఎలా గడపాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఏ సభకు వెళ్లాలన్నది తొందరపడి తేల్చుకునే విషయం కాదు. 1970లో మొదలైన శాన్ డియేగో కామిక్-కాన్, 1987 నుంచి అట్లాంటాలో జరుగుతున్న డ్రాగన్ కాన్ జనసముద్రాలు. సినిమా తారలు, వేషధారణలు, బారులు తీరిన క్యూలు. ఆ సందడి చూడదగ్గదే, కానీ కొత్త రచయితకు అక్కడ మాట్లాడే మనిషి దొరకడం కష్టం. మీకు కావలసింది చదివేవాళ్ల సభ. జులైలో బోస్టన్ పరిసరాల్లో జరిగే రీడర్‌కాన్‌లో వేషాల పోటీ ఉండదు, బొమ్మల ప్రదర్శన ఉండదు, అమ్మకపు గదిలో పుస్తకాలే ఉంటాయి. ఇప్పటి గౌరవ అతిథులతో పాటు కన్నుమూసిన ఒక రచయితను కూడా స్మారక అతిథిగా ఎంచుకుని, ఆ రచనల మీద చర్చలు పెడతారు. ఆ ఒక్క సంప్రదాయం కోసమే దాన్ని గౌరవిస్తాను. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో 1977లో మొదలైన విస్‌కాన్ స్త్రీవాద సైన్స్ ఫిక్షన్‌కు పుట్టిల్లు. మేరీలాండ్‌లో ఉన్నవాళ్లకు క్యాప్‌క్లేవ్ ఉంది, బ్రిటన్‌లో ఈస్టర్ సెలవుల్లో ఈస్టర్‌కాన్ ఉంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండి రాసేవాళ్లు నిరాశపడనక్కర్లేదు. 2020లో న్యూజిలాండ్ వరల్డ్‌కాన్ మొత్తం ఆన్‌లైన్‌లోనే జరిగింది. 2024 గ్లాస్గో సభకు ఆన్‌లైన్‌లో హాజరయ్యే వీలు కల్పించారు. హ్యూగో ఓటు హక్కునిచ్చే సభ్యత్వం తీసుకుంటే, తుది జాబితాలోని రచనల్లో చాలావాటి డిజిటల్ ప్రతులు ఓటర్లకు అందుతాయి. పుస్తకాల ఖర్చుతో పోలిస్తే ఆ సభ్యత్వం దండగ కానే కాదు.

అసలు పని సభకు నెలల ముందే మొదలవుతుంది. కార్యక్రమాల బృందం పాల్గొనదలచినవాళ్లకు ఒక ప్రశ్నావళి పంపుతుంది. మీరు ఏం మాట్లాడగలరు, ఏ గంటల్లో ఖాళీ, ఎవరితో కలిసి కూర్చోలేరు, అన్నీ అడుగుతారు. చాలామంది రచయితలు అక్కడ తమ పుస్తకాల జాబితా నింపి వదిలేస్తారు. మీరు మీ ఉద్యోగం గురించి రాయండి. మందుల కంపెనీలో నాణ్యత పరీక్షలు చేస్తారా? ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సా? బ్యాంకు సర్వర్లు పడిపోకుండా చూస్తారా? తాతగారితో కలిసి నాగార్జునసాగర్ కాలువ కింద వంతులవారీ నీళ్లకు కాపలా కాశారా? అది రాయండి. వేరే గ్రహం మీద నీటి పంపకం గురించి చర్చ పెట్టినప్పుడు, కాలువ చివరి పొలానికి నీరు ఎందుకు చేరదో కళ్లారా చూసిన మనిషి ఆ వేదిక మీద ఉంటే శ్రోతలు ముందుకు వంగి వింటారు. ఈ అభిమానులకు నిజమైన పని తెలిసిన మనిషంటే ప్రాణం.

ఆ నెలల్లోనే గౌరవ అతిథుల పుస్తకాలు ఒకటో రెండో చదవండి. మీతో పాటు కూర్చోబోయే వక్తల పేర్లు తెలిశాక వాళ్ల కథ ఒక్కొక్కటి చదవండి. దీన్ని నేను మర్యాద కింద చెప్పడం లేదు, పని కింద చెబుతున్నాను.

శుక్రవారం చేరగానే బ్యాడ్జ్ తీసుకుని, గదిలో సామాను పడేసి, రిజిస్ట్రేషన్ దగ్గరికే తిరిగి వెళ్లి వాలంటీరుగా పేరు ఇవ్వండి. కొత్త మనుషుల్ని చూస్తే నోరు పెగలనివాళ్లకు దీన్ని మించిన మందు లేదు. బ్యాడ్జీలు అందించే బల్ల వెనక గంట సేపు కూర్చుంటే సభలో సగం మంది మీ ముందు నుంచే వెళతారు. ప్రతివాళ్లతో ఒక మాట మాట్లాడక తప్పదు, ఏం మాట్లాడాలో వెతుక్కునే పనీ ఉండదు. మర్నాడు నడవాలో ఎదురైనప్పుడు వాళ్లే పలకరిస్తారు.

ఇక ప్యానెల్ చర్చల సంగతి. రచయితల వారాంతం బాగుపడేదీ పాడయ్యేదీ ఇక్కడే, అందుకే కాస్త నిలబడి చెబుతాను. సాధారణంగా నలుగురైదుగురు వక్తలు, వాళ్లలో ఒకరు మోడరేటర్. సమయం గంటలోపే. చివర పావుగంట శ్రోతల ప్రశ్నలకు పోతుంది, మొదట్లో పరిచయాలకు కొంత. లెక్కేస్తే మీ నోటికి మిగిలేది ఏడెనిమిది నిమిషాలు. అంటే మూడు మాటలు చెప్పవచ్చు, మంచి ఉదాహరణలతో. ఆ మూడూ ముందే ఎంచుకోండి. మోడరేటర్ మెయిల్ పంపితే వెంటనే జవాబివ్వండి. పంపకపోతే మీరే పలకరించండి.

మీ పుస్తకం పేరు పరిచయంలో ఒక్కసారి చెప్పండి, చాలు. ప్రతి ప్రశ్నకూ నా నవలలో అంటూ మొదలుపెట్టే వక్త ముందు శ్రోతల ముఖాలు మూసుకుపోవడం వెనక వరసలో కూర్చుంటే స్పష్టంగా కనిపిస్తుంది. దానికి బదులు వేరేవాళ్ల పుస్తకం ఒకటి తీసుకుని, అది ఎందుకు బాగుందో, ఏ పేజీ దగ్గర మీ ఊపిరి ఆగిందో చెప్పండి. పెన్నులు కదులుతాయి. జనం ఆ పేరు రాసుకుంటారు, చెప్పిన మనిషినీ గుర్తుపెట్టుకుంటారు. ఇంత ప్రేమగా చదివే మనిషి ఎలా రాస్తాడో చూద్దామన్న కుతూహలం వాళ్లలో పుడుతుంది. అమ్మకాల గురించి ఇంక మీరు ఆలోచించనక్కర్లేదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీ పేరు చూసి మిమ్మల్ని భారతీయ పురాణాలు, సైన్స్ ఫిక్షన్ లాంటి చర్చలో వేయవచ్చు. వెళ్లండి, కానీ సిద్ధపడి వెళ్లండి. పుష్పక విమానం నిజంగా ఎగిరిందా అన్న ప్రశ్న వస్తుంది. కావ్యాన్ని కావ్యంగా, యంత్రాన్ని యంత్రంగా విడదీసి చెప్పే నిజాయితీ ఉండాలి. కల్పనను చరిత్రగా చూపితే ఆ గదిలో ఉన్న భౌతిక శాస్త్రజ్ఞుల ముందు మన కావ్యాల గౌరవమే తగ్గుతుంది. అదే సమయంలో ఆ కల్పన ఎంత గొప్పదో చెప్పడానికి వెనకాడవద్దు. 1957 నాటి మాయాబజార్‌లో ప్రియదర్శిని పేటిక తెరిచి శశిరేఖ దూరాన ఉన్న అభిమన్యుణ్ణి చూసే దృశ్యం వర్ణించండి. వీడియో కాల్ చేతిలో లేని కాలంలో తెలుగు ప్రేక్షకుడు దాన్ని ఎంత సహజంగా ఒప్పుకున్నాడో చెప్పండి. 1991లో సింగీతం శ్రీనివాసరావు ఆదిత్య 369లో కాలయంత్రాన్ని శ్రీకృష్ణదేవరాయల కొలువులో దింపిన సంగతి చెప్పండి. కాలయాత్ర కథలో తెనాలి రామకృష్ణుడు కనిపిస్తాడని వినగానే వాళ్ల కళ్లలో మెరుపు వస్తుంది. అలాగే, మిమ్మల్ని దేశం పేరున్న చర్చలకే పరిమితం చేస్తే, వచ్చే ఏడు కక్ష్యా గణితం మీదో, ప్లాట్ నిర్మాణం మీదో, రోగనిరోధక వ్యవస్థ మీదో కూడా నాకు చోటివ్వండని రాసి అడగండి. మీకు ఆ విషయం వచ్చుననడానికి ఆధారం చూపితే సాధారణంగా ఇస్తారు.

సొంత రచన చదివి వినిపించడానికి అరగంట దొరకవచ్చు. ఏడెనిమిది మంది వస్తే బాగా వచ్చినట్టు. ముగ్గురే వస్తే వేదిక దిగి కుర్చీలు దగ్గరికి లాక్కుని చదవండి. ఆ ముగ్గురూ ఇంకో నాలుగు కార్యక్రమాలు వదులుకుని మీ కోసం వచ్చినవాళ్లు. నవల మొదటి పుటలు కాకుండా, ఒక పూర్తి చిన్న కథో, తనంతట తాను నిలబడే ఘట్టమో ఎంచుకోండి. ఇంట్లో గడియారం పెట్టుకుని బిగ్గరగా చదివి చూడండి. ఇరవై నిమిషాలు దాటకూడదు. తెలుగులో రాసి అనువాదంతో వచ్చినవాళ్లయితే మొదటి పేరా తెలుగులోనే చదవండి, తర్వాత అనువాదం. అర్థం తెలియకపోయినా ఆ నడక వినడం వాళ్లకు ఇష్టం.

అనువాదం గురించి చిన్నబుచ్చుకునే కాలం పోయింది. ల్యూ సిషిన్ నవల త్రీ-బాడీ ప్రాబ్లమ్ 2006లో చెంగ్దూ నుంచి వెలువడే పత్రికలో ధారావాహికగా వచ్చింది. కెన్ ల్యూ అనువాదం 2014లో ఇంగ్లిష్‌లో అచ్చయింది. 2015లో ఉత్తమ నవలగా హ్యూగో గెలిచింది. అనువాద నవలకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. ఆ అనువాదకుడు స్వయంగా పేరున్న కథకుడు, ఈ సభల్లో అందరికీ తెలిసిన మనిషి. తెలుగు నుంచి అలాంటి ప్రయాణం జరగాలంటే మన కథలతో పాటు మన అనువాదకులూ ఆ గదుల్లో కనబడాలి. నాకు బలంగా ఉన్న కోరిక ఇది. మీ అనువాదకురాలికి సభ్యత్వం కొనిపెట్టగల స్తోమత మీకుంటే, కొత్త పుస్తకానికి ప్రచారం మీద పెట్టే డబ్బు ఇటు మళ్లించండి.

చర్చలు అయ్యాక జరిగే మాటలు చర్చల కన్నా విలువైనవి కావచ్చు. సభ్యులందరికీ ఉచితంగా తినడానికి, తాగడానికి ఏదో ఒకటి దొరికే ఆతిథ్య గది ఒకటి ఉంటుంది. శాకాహారులు పెరుగన్నం ఆశించకపోయినా కూరముక్కలకు, పళ్లకు లోటుండదు. హోటల్ బార్‌లో సంపాదకులు, రచయితలు చేరతారు. మందు ముట్టనివాళ్లు నిమ్మరసం గ్లాసుతో నిక్షేపంగా కూర్చోవచ్చు. సంపాదకులు కనబడితే వాళ్ల పత్రికలో మీకు నచ్చిన కథ గురించి మాట్లాడండి. రాతప్రతి చేతిలో పెట్టడం, భోజనం మధ్యలో కథ చెప్పడం వద్దు. ఇప్పుడేం రాస్తున్నారని వాళ్లే అడుగుతారు, ఎందుకంటే అది వాళ్ల వృత్తి. అప్పుడు రెండు వాక్యాల్లో చెప్పి ఆగండి. ఇంకా కావాలంటే అడుగుతారు. రచయితతో పదిమంది చుట్టూ కూర్చుని కాఫీ తాగే సమావేశాలకు ముందే పేరు రాయించుకోవాలి. మీరు అభిమానించే రచయిత సమావేశానికి తప్పక వెళ్లండి, వింటూ కూర్చోండి.

ఒంటి సంగతి కొంచెం. రోజుకు కనీసం అయిదు గంటల నిద్ర, రెండు పూటల తిండి, ఒక స్నానం అన్నది అభిమానుల్లో తరతరాలుగా ఉన్న నియమం. పాటించండి. వేషం వేసుకున్నవాళ్లను అడక్కుండా తాకవద్దు, ఫొటో తీయవద్దు. నేల మీద నీలం టేపు అతికించిన చోటు చక్రాల కుర్చీల కోసం, అక్కడ నిలబడి కబుర్లు పెట్టుకోవద్దు. ప్రవర్తనా నియమావళి చదివి వెళ్లండి. ఈ లోకం మొదటి నుంచీ మచ్చలేనిదేమీ కాదు. 1939 సభలోనే నిర్వాహకులతో పడని ఆరుగురు కుర్రాళ్లను గుమ్మం దగ్గరే ఆపేశారు. వాళ్లలో ఒకడైన ఫ్రెడరిక్ పోల్ తర్వాతి కాలంలో గొప్ప రచయిత, సంపాదకుడు అయ్యాడు. 2023 చెంగ్దూ వరల్డ్‌కాన్‌లో కొన్ని రచనల్ని కారణం చెప్పకుండా హ్యూగో పోటీ నుంచి తప్పించినప్పుడు సభ్యులే నిలదీశారు. సభ్యత్వం కట్టడమంటే ఆ బాధ్యత కూడా తీసుకోవడం. మీకు గానీ మీ ఎదుట మరొకరికి గానీ అవమానం జరిగితే నిర్వాహకుల దగ్గరికి వెళ్లి చెప్పండి. వినడానికి మనుషుల్ని ప్రత్యేకంగా పెడతారు.

మీ కథ ఏదో జాబితాలో ఉండి గెలవకపోతే? 1976లో కాన్సాస్ సిటీ వరల్డ్‌కాన్‌లో జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్, గార్డనర్ డోజోయ్ కలిసి హ్యూగో రానివాళ్ల కోసం ఒక విందు మొదలుపెట్టారు. ఓడినవాళ్లు గదిలో ఒంటరిగా కూర్చోకుండా ఉండటానికి పుట్టిన ఆ ఆనవాయితీ తర్వాత పెద్ద వేడుకే అయింది. మీరూ ఆ రాత్రి గదికి వెళ్లిపోకండి. గెలిచినవాళ్లను వెతికి కావలించుకుని, తర్వాత మీలాంటివాళ్ల మధ్యకు వెళ్లండి.

ఆదివారం మధ్యాహ్నం సభ ఎలా జరిగిందో చెప్పమని నిర్వాహకులు ఒక సమావేశం పెడతారు. చాలామంది అప్పటికే విమానాశ్రయం దారి పట్టి ఉంటారు. వీలైతే ఉండండి, బాగున్నవి కూడా చెప్పండి, తర్వాత కుర్చీలు మడవడానికి ఒక చెయ్యి వేయండి. వారం లోపల, మాట్లాడిన ప్రతివాళ్లకూ విడివిడిగా నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి. వాళ్లు చెప్పిన పుస్తకం చదవడం మొదలుపెట్టి, అందులో ఏం నచ్చిందో ప్రస్తావించండి. మీ పుస్తకం లింకు అడిగితేనే పంపండి.

హ్యూగో నామినేషన్ల కాలం వచ్చినప్పుడు, మీకు ఆ హక్కునిచ్చే సభ్యత్వం ఉంటే, ఒక్కో విభాగంలో అయిదు పేర్ల దాకా రాయవచ్చు. మీ కథ అర్హమైనదైతే ఒక గడిలో రాసుకోవడంలో తప్పు లేదు. మిగతా నాలుగు ఆ వారాంతంలో మీరు కలిసి, విని, ఇంటికొచ్చి చదివినవాళ్లలో నిజంగా మెచ్చినవాళ్ల కోసం ఉంచండి. గడువు ముగిసేదాకా పేర్లు మార్చుకునే వీలుంటుంది కాబట్టి, చదివిన కొద్దీ ఒక్కొక్కటే నింపుకుంటూ వెళ్లండి.